నక్క చేసిన జీతాల లెక్క

చెరుకు తోటకీ ఏటికీ మధ్య నాంచారయ్య దొడ్డి. దొడ్డిలో ఒక గానుగెద్దు, ఒక పిల్లి, గంప కింద కోళ్ళు, వాటికి కాపలాగా గొలుసుతో కట్టేసిన భైరిగాడనే కుక్క. కంచె బయట జంబన్న అనే నక్క. ఏట్లో పీతలు తిని తిని జంబన్న మెడ బలిసింది గానీ నాలుక విసిగిపోయింది. కోడి తినాలి. అడ్డం భైరిగాడు.

బలంతో కానిది బుద్ధితో అవుతుందని జంబన్న నమ్మకం. కొన్నాళ్ళు కంచె సందుల్లోంచి ఎవరికేం పెడుతున్నారో చూసి, ఒక సందెవేళ వచ్చి భైరిగాడి ముందు కూచున్నాడు.

"అల్లుడూ, నీ జీతమెంత?"

"పొద్దున గంజి మావా. రాత్రి మిగిలితే మెతుకులు."

"మిగలకపోతే?"

"గంజి వాసన."

జంబన్న నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "గానుగెద్దుకి తెలకపిండి, పైన ఉలవలు. తెలుసా?"

"దానికి కళ్ళకు గంతలు కడతారు."

"కడుపుకి కట్టరుగా. పోనీ పిల్లిని చూడు. పాలగిన్నె అడుగు మీగడంతా దానిదే. పనంటావా, ఎలుక కనబడితే పడుతుంది, నిద్రొస్తే పడుకుంటుంది."

"పొరుగింటి పుల్లకూర రుచి అంటారు మావా."

"రుచి చూసినవాళ్ళనే అడిగొచ్చాను. ఏటవతల మామిడి తోటలో కాపలా కుక్కకి రోజూ మాంసం తునకలు. అదే పని, అదే మొరుగుడు. ఆ చోటు నిన్నే ఖాళీ అయిందట. ఈ రాత్రి ముందు వెళ్ళినవాడిదే."

భైరిగాడు మూతి నాక్కున్నాడు. వాడి ఆకలి మాత్రం నిజమే. అది చూసి జంబన్న లోలోపల మురిసిపోయాడు.

"మరి కోళ్ళు?" అన్నాడు భైరిగాడు.

"నేను లేనూ?"

చేను మేసే కంచె ఇలా తనంతట తానే వచ్చి నిలబడితే ఎవరికైనా నవ్వొస్తుంది. భైరిగాడు నవ్వలేదు.

"మా అయ్య గొలుసు చప్పుడు వింటూ నిద్రపోతాడు మావా. చప్పుడు ఆగితే కర్ర పుచ్చుకుని లేస్తాడు. నా పట్టా నువ్వు వేసుకుంటే తప్ప కుదరదు," అంటూ తల వంచి వెనక్కి జరిగాడు. తోలుపట్టా మెడలోంచి జారి కింద పడింది. "నా జీతం తక్కువనడానికి ఇదే సాక్ష్యం."

ఇంత సులువుగా ఊడేదాన్ని వేసుకుంటే పోయేదేముంది అనుకున్నాడు జంబన్న. చెవులు మడిచి తల దూర్చాడు. భైరిగాడు మూతితో నెట్టి కాస్త సాయం పట్టాడు. మెడకి బిగుతుగానే ఉంది గానీ, కోడి ముందు అదో లెక్కా అనిపించింది. భైరిగాడు కంచె దూకి కనబడకుండా పోయాడు.

జంబన్న గంప మీదికి ఒక్క ఉరుకు ఉరికాడు. గంపకి జానెడు దూరంలో గొలుసు ఆగిపోయింది. కాపలా కుక్కని కోళ్ళు అందేంత దగ్గరగా ఏ రైతూ కట్టడు. అందరి జీతాలూ ఆరా తీసిన జంబన్నకి ఆ సంగతి తట్టనేలేదు. తల వెనక్కి లాక్కోబోతే చెవులు అడ్డొచ్చాయి. గుంజేకొద్దీ గొలుసు మోగింది. కోళ్ళు గంప సందుల్లోంచి కిక్కురుమనకుండా చూస్తున్నాయి.

"అల్లుడూ, గొలుసు పొట్టిదని చెప్పలేదేం?" అని ఏడుపు గొంతుతో అరిచాడు.

భైరిగాడు ఎక్కడికీ పోలేదు. కంచె అవతల గడ్డివామి పక్కనే ఉన్నాడు.

"జీతం అడిగావు, గొలుసు అడగలేదు మావా. ఆ తోటలో ఖాళీ కూడా ఏం లేదు. అక్కడి కుక్క మొరుగు నాకు రోజూ వినబడుతుంది. ఇందాక కూడా విన్నాను."

అని, గొంతెత్తి తనూ మొరిగాడు. నాంచారయ్య కర్రతో వచ్చాడు. రెండు దెబ్బలు తిన్నాక జంబన్న సగం చెవి పట్టాకే వదిలేసి ఏట్లో దూకాడు.

నక్కని పట్టిచ్చిన కుక్కకి మర్నాటినుంచి మెడలో మళ్ళీ అదే పట్టా, గంజిలో మెతుకులు, మెతుకుల్లో అప్పుడప్పుడు ఓ ఎముక. కొన్నాళ్ళకి భైరిగాడి మెడ నిండింది. ఒకరోజు ఊరికే తల వంచి చూసుకున్నాడు. పట్టా జారలేదు. కాసేపు ఆలోచించి, మళ్ళీ ఎముక దగ్గరికి వెళ్ళాడు.

జీతమెంతో అడిగేవాడు గొలుసెంతో కూడా అడగాలి.