మొసలమ్మ వీపు మీద మైనం ఉండలు

ఒకప్పుడు మొసలి వీపు గచ్చు చేసినట్టు నున్నగా ఉండేది. గొంతేమో కోడిపిల్ల గొంతు. అంత నోరూ తెరిస్తే "కిచ్" అన్న ముక్క తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

ఆ రోజుల్లో న్యూగినీ దీవిలోని సెపిక్ నదిలో ఒక మొసలమ్మ ఉండేది. ఆమెకు ముప్పై ఇద్దరు పిల్లలు. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, ఆ పళ్ల బుడతలంటే ఆమెకు ప్రాణం.

ఆకాశంలో గద్ద కనబడితే చాలు, "కిచ్ కిచ్, రండర్రా" అని పిలిచేది. పిల్లల గొంతులూ అవే కదా. ఎవడో తోటివాడు ఆటకు పిలుస్తున్నాడనుకుని ఒక్కడూ కదిలేవాడు కాదు. ఒకరో ఇద్దరో వచ్చి వీపెక్కినా సర్రున జారి నీళ్లలో పడేవాళ్లు.

ఒకరోజు అందరికన్నా చిన్నవాడు గద్ద గోళ్లనుంచి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు.

అప్పుడే ఒడ్డు మీద "దుం" అని వినిపించింది. అక్కడ కొలియన్ అనే తాత డోలు చేస్తున్నాడు. నడుము సన్నగా ఉన్న చెక్క డోలు, దాని మూతికి బిగించిన ఉడుము చర్మం. తాత ఒక మైనం ఉండను వెచ్చచేసి ఆ చర్మానికి అంటించేవాడు, వేలితో తట్టేవాడు, తల వంచి వినేవాడు. ఉండ ఉండకూ డోలు గొంతు బరువెక్కుతోంది.

"తాతా, నాకూ అంటించవూ? నా పిలుపు నా పిల్లలకే తెలియడం లేదు" అంది మొసలమ్మ.

తాతకు జాలేసింది. ఆమె వీపు మీద ఒక ఉండ అంటించాడు. "ఏదీ, ఓసారి పిలువమ్మా."

"కుర్" అంది. ముగ్గురు పిల్లలు తల తిప్పి చూశారు.

"ఇంకో రెండు మూడు చాలు. ఒకటి అంటించాలి, ఒకసారి వినాలి. నిదానమే ప్రధానం" అంటూ తాత నిప్పు ఎగదోయడానికి వెళ్లాడు.

అంతలో నీళ్ల మీద గద్ద నీడ పడింది. ఇంక తల్లికి నిదానమెక్కడిది? తాత ఎండలో ఆకుల మీద పరిచిన మైనం ఉండలన్నిటి మీదా వెల్లకిలా దొర్లేసింది. మెడ నుంచి తోక దాకా వరసలు వరసలుగా అంటుకున్నాయవి. గబగబా నీళ్లలోకి దిగి పిలిచింది.

"ఘూ...ర్ర్ర్."

నది అదిరింది. గద్ద పారిపోయింది. పాపం, పిల్లలు కూడా పారిపోయారు. ఏదో రాక్షసి వచ్చిందనుకుని అందరూ రెల్లుపొదల్లో దూరారు.

మొసలమ్మకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఇంకా బెదిరిపోతారని ఏడుపు మింగేసింది.

"తొందరపడ్డావమ్మా. ఉండు, గీకేస్తాను" అని తాత ఆల్చిప్ప తీసుకుని నీళ్లలోకి దిగాడు.

రెల్లులోంచి చిన్నవాడు తొంగి చూశాడు. మొహం అమ్మదే. మెల్లగా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, జలుబు చేసిందా?"

అని వీపెక్కాడు. రెండు ఉండల మధ్య కాళ్లు ఆనించి నిలబడ్డాడు. జారలేదు. "ఒరేయ్, అమ్మ వీపు జారట్లేదర్రా" అని కేకేశాడు. మిగతా ముప్పై ఒక్కరూ తోసుకుంటూ ఎక్కేశారు.

తాత ఆల్చిప్ప ఎత్తాడు.

"వద్దు తాతా, ఒక్కటి కూడా తీయకు" అంది మొసలమ్మ. గుసగుసగానే అంది, అయినా నీళ్లు వణికాయి.

తాత నవ్వుకుని వెళ్లి, తన డోలు పిడి మీద ఒక మొసలిని చెక్కాడు. చర్మానికి మాత్రం నాలుగు ఉండలే ఉంచాడు.

అప్పటినుంచే మొసలి వీపంతా ఉండలు ఉండలుగా ఉంటోంది, దాని పిలుపు డోలు మోగినట్టు నీళ్లను వణికిస్తోంది. మొసలి పిల్లలు కూడా అప్పటినుంచే అమ్మ వీపెక్కి, జారకుండా నదంతా తిరుగుతున్నారు.