రెండు పెట్టెల నడుమ వేగు

ఒక ఏరు. ఏటికి ఇటు ఒక రాజ్యం, అటు ఒక రాజ్యం. ఇటు గట్టున ఉన్న ఊళ్లో ఒక అవ్వ తోలుబొమ్మలు ఆడించేది. అటు గట్టున కూడా అప్పుడప్పుడు ఒక తెల్లటి తెర వెలుగుతూ కనిపించేది. అక్కడ ఏ కథ ఆడతారో ఇటువాళ్లెవరికీ తెలియదు.

అవ్వ దగ్గర రెండు పెట్టెలుండేవి. ఒకదానిలో మనవాళ్లు, ఇంకోదానిలో పగవాళ్లు. ఆట అయ్యాక ఏ బొమ్మ ఆ పెట్టెలోకే పోవాలి. కలిపి పెడితే లోపల కొట్టుకుని చిరిగిపోతాయని అవ్వకు వాళ్ల అత్తగారు చెప్పింది, ఆమెకు వాళ్ల అత్తగారు. ఎటూ తేలని బొమ్మ ఇంట్లో ఉండకూడదు. పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, ఏటిలో విడిచిపెట్టాలి.

కిందటేడు పంటలు ఇంటికొచ్చాక అవ్వ వేగు కథ ఆడింది. మన రాజు పంపగా ఒకడు మారువేషంలో ఏరు దాటతాడు. గోడలెక్కుతాడు, కావలివాళ్ల కళ్లు కప్పుతాడు, పగవాళ్ల కోటలో ఒక తలుపు మీద చెయ్యి వేస్తాడు. సరిగ్గా అక్కడ అవ్వ దీపం తగ్గించేసింది.

"మిగతాది వచ్చే ఏడు" అంది.

ఆ ఏడాదంతా ఊరు ఆ తలుపు దగ్గరే నిలబడింది. గానుగ దగ్గర అదే మాట, రేవులో అదే మాట. లోపలికి వెళ్లి ఎంతమందిని నరుకుతాడోనని పిల్లలు పందేలు వేసుకున్నారు.

రేవు పక్క ఇంట్లో ఉండే తల్లి మాత్రం ఆ మాటల్లోకి రాలేదు. ఆమె కొడుకు నిజంగానే రాజు పంపగా ఏరు దాటాడు. మళ్లీ రాలేదు. పట్టుబడ్డాడన్నారు కొందరు. వాళ్లలో కలిసిపోయాడన్నారు ఇంకొందరు. ఆమె పూటపూటా రెండు కంచాలు పెట్టుకుని కూర్చునేది.

ఏడాది తిరిగింది. దీపాలు పెట్టే వేళకు ఊరంతా చాపలు పరుచుకుని కూర్చుంది. అవ్వ దీపానికి మొక్కి రెండో భాగం మొదలుపెట్టింది.

వేగు తలుపు తోశాడు. లోపల కత్తులు లేవు. ఒక ముసలామె పొయ్యి ముందు కూర్చుని ఉంది. వాడి మొహం చూసి, ఎవరి బిడ్డో ఆకలి మీద ఉన్నాడనుకుంది.

"ముందు కాళ్లు కడుక్కో నాయనా" అంది.

వాడు తిన్నాడు. అవ్వ ఆ తిండిని తొందరపడకుండా ఆడించింది. అన్నం కలుపుకోవడం, పచ్చిమిరపకాయ ఏరి కంచం అంచున పెట్టడం, నీళ్లు తాగి తెరిపిన పడడం. తర్వాత వాడు ఏరు దాటి వెనక్కి వచ్చాడు.

"ఏం తెలుసుకొచ్చావు?" అన్నాడు రాజు.

"వాళ్ల పొయ్యి కూడా మూడు రాళ్ల మీదే ఉంది ప్రభూ" అన్నాడు వేగు. ఆట అయిపోయింది.

మొదట గానుగాయన అందుకున్నాడు.

"ఇదేం ఆట అవ్వా? పోయినేడు ఆ పరుగేమిటి, ఆ దూకుడేమిటి. ఇంతకాలం ఆగితే వాడికి భోజనం పెట్టి పంపించావు. వాడు అన్నం కలుపుకుంటుంటే నాకు కునుకు పట్టింది."

"కునుకు తీసినవాడివి ఆట బాగాలేదని ఎట్లా చెప్తావు బావా?" అంది చేపలు అమ్మే ఆమె. "నాకైతే కన్నీళ్లు ఆగలేదు."

"నీకు ఉల్లిపాయ తరిగినా ఆగవులే."

నవ్వులు వినిపించాయి. తలారి నవ్వలేదు.

"పగవాళ్ల ఉప్పు తిన్నాడు. వాడు పగవాడే. ఆ పెట్టెలో పెట్టు అవ్వా."

"తిరిగొచ్చాడు కదయ్యా, మనవాడే" అన్నారు చేపలామె వైపు వాళ్లు.

మాట మీద మాట పెరిగింది. ఒకే చాప మీద కూర్చున్నవాళ్లు తలో పక్కకీ జరిగారు. బొమ్మ మీద పడే ప్రతి మాటా వెనక వరుసలో కూర్చున్న తల్లికి వినబడుతూనే ఉంది. వేగు పగవాడని తేలితే, తన కొడుకూ అంతే.

ఆమె లేచి తెర దగ్గరికి వచ్చింది. గొడవ సద్దుమణిగింది.

"అవ్వా, ఆ ముసలామె వాడికి మారు వడ్డించిందా?"

"వద్దంటున్నా వడ్డించింది తల్లీ."

"మిరపకాయ తీసి పక్కన పెట్టాడు, చూశాను" అంది తల్లి. "చిన్నప్పటి నుంచీ అంతే."

అయినా ఊరు ఒక్క మాట మీదికి రాలేదు. అవ్వ రెండు పెట్టెలూ మూసేసింది. బొమ్మ ఆమె ఒళ్లోనే ఉండిపోయింది.

తెల్లవారాక రేవుకు తీసుకెళ్లింది. పసుపు పెట్టింది, కుంకుమ పెట్టింది. తల్లి ఒక చిన్న చద్దిమూట తెచ్చి బొమ్మ నడుముకు కట్టింది.

"దారిలో ఆకలేస్తుంది" అంది.

తలారి ఏటి వైపు చూస్తూ నిలబడ్డాడు, అడ్డు చెప్పలేదు. బొమ్మ తుంగలో చిక్కుకుంటే, గానుగాయన మోకాళ్ల లోతు దిగి మెల్లగా అవతలికి నెట్టాడు. అది నీటి వాలున అటు గట్టు వైపు సాగిపోయింది.

మరి కొన్నాళ్లకు, వాన వెలిసిన ఒక పొద్దున, తల్లి గిన్నెలు తోముకోవడానికి రేవుకు వెళ్లింది. అదే తుంగలో ఒక తోలుబొమ్మ చిక్కుకుని ఉంది. మనది కాదు. తలపాగా చుట్టు వేరు, రంగులు వేరు. ఏదో తలుపు తోయబోతున్నట్టు ఒక చెయ్యి చాచి ఉంది. నడుముకు మూట. మూటలో నానిపోయిన రొట్టె.

ఊరు రేవులో గుమిగూడింది. అవ్వ బొమ్మను ఎండకెత్తి చూసింది. దాని ఎరుపూ పచ్చా అందరి మొహాల మీదా పడ్డాయి.

"దీన్ని ఏ పెట్టెలో పెడతావు అవ్వా?" తలారి గొంతు తగ్గించి అడిగాడు.

అవ్వ బొమ్మను తల్లి చేతిలో పెట్టింది.

తల్లి దాన్ని ఇంటికి తెచ్చింది. పైటచెంగుతో మొహం తుడిచి, రెండో కంచం ముందు గోడకు చేరవేసి కూర్చోబెట్టింది. చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ముందు కాళ్లు కడుక్కో నాయనా" అంది.