వేలెత్తిన చెయ్యి

గుంపస్వామి ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఆ మాట వాళ్ళే చెప్పుకునేవారు, ఊరు చెప్పేదాకా ఎవరాగుతారు? ఆ ఇంటికొక కట్టుబాటు ఉంది. తగువొస్తే ముందు వేలెత్తినవాడు నిజాయితీపరుడు, ఎవరి మీదికి వేలెత్తితే వాడు దొంగ. సాక్ష్యాలతో పనిలేదు.

వాళ్ళమ్మాయి నూకాలుకీ పైడిరాజుకీ మర్నాడే తాంబూలాలు. ఆ సాయంత్రం పైడిరాజు నాటకంలో కాపలావాడి వేషం వేశాడు. కాబోయే అల్లుడని ఇంటిల్లిపాదీ ముందు వరసలో కూర్చున్నారు. నాటకంలో దివాను రాణిగారి హారం నొక్కేసి నడుంలో దోపుకుని, "కాపలావాడే దొంగ" అని వేలెత్తాడు. నడుంలో హారం మెరుస్తూనే ఉంది. ఊరంతా చూసింది. వీళ్ళూ చూశారు. లోకంలో ఇలాంటి దివానులకి కరువు లేదు. నడుం వదిలేసి వేలు చూసేవాళ్ళకి అసలే కరువు లేదు.

అంతే. గుంపస్వామి లేచాడు. "దొంగకి పిల్లనివ్వను. తాంబూలాలు లేవు."

"మామా, ఇది నాటకం," అన్నాడు పైడిరాజు.

"అయితే మరీ పాపం. ఊరందరి ముందూ దొంగతనం చేస్తావా?"

దివాను వేషం కట్టిన కామయ్య నోట్లో నాలుక లేనివాడు. పరిగెత్తుకొచ్చి, "అన్నా, హారం ఇదిగో, నా దగ్గరే ఉంది," అన్నాడు.

"చూశావా లక్కమ్మా," అన్నాడు గుంపస్వామి పెళ్ళాంతో, "దొంగ దగ్గర్నుంచి అప్పుడే లాగేశాడు. ఎంత చురుకు."

ఇంటికొచ్చాక నూకాలు అన్నం ముట్టలేదు. ఏడ్చి ఏడ్చి, తండ్రి మీదికి వేలెత్తింది. "అయ్యా, హారం తీసింది నువ్వే."

"నేనా? ఎప్పుడు తీశానే?"

"నాకేం తెలుసు? తీసినవాడివి నువ్వు."

గుంపస్వామికి అదీ నిజమే అనిపించింది. "నాకే తెలీకుండా తీశానంటే ఎంత గట్టి దొంగనో," అని తనను తానే గుంజకి కట్టించుకున్నాడు. హారానికి వేరే దొంగ దొరికాడు గనక పైడిరాజు మీద నింద పోయింది.

కానీ ఇంకేముంది, అందరికీ భయం పట్టుకుంది. తన మీదికి ఎవరైనా వేలెత్తేలోపు తనే ఎత్తాలని, "పెరుగు దొంగ నువ్వే," అని లక్కమ్మ మరిది చిట్టెయ్యని కట్టేసింది. చేతులు కట్టేసి ఉన్నా చిట్టెయ్య కాలు పైకెత్తాడు. "బెల్లం దొంగ మా వదిన."

"కాలివేలు చెల్లదు," అంది లక్కమ్మ.

"వేలు వేలే," అన్నాడు గుంపస్వామి. ఆవిడనీ కట్టేశారు.

తెల్లారి పెళ్ళివారు రానే వచ్చారు. తాంబూలాల పళ్ళెం ఇవ్వడానికి దొంగ కాని పెద్దమనిషి ఇంట్లో లేడు. "కామయ్యని పిలవండి," అన్నాడు గుంపస్వామి. "వేలెత్తి, వేలు పడని మగాడు అతనొక్కడే."

కామయ్య వచ్చాడు. ఆ కట్లు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తన గుండె మీదే వేలు పెట్టుకుని, "తప్పంతా నాది," అన్నాడు.

ఇలాంటి తగువు ఆ ఇంట ఎన్నడూ రాలేదు. గుంపస్వామి గుంజకి తల ఆనించి తీర్పు చెప్పాడు. "మనిషి దొంగ. చెయ్యి మాత్రం నిజాయితీ గలది."

అంతే. కామయ్యని ఇంకో గుంజకి బిగించి, కుడిచెయ్యి ఒక్కటీ వదిలేశారు. ఆ చెయ్యే పైడిరాజుకి పళ్ళెం అందించింది. పళ్ళెం ఓ పక్కకి ఒరుగుతుంటే గుంపస్వామి ఆ చేతికేసి చూసి, "మెల్లగా ఇవ్వండి బాబూ," అని బతిమాలాడు. మిగతా మనిషికేసి తిరిగి, "కదలకురా దొంగా," అన్నాడు.