ఇరవై మూడో వరస

ఒక్కో బ్లడ్ బ్యాంకుకి ఒక్కో డేటాబేసు. మొత్తం ఇరవై రెండు. ఏ రక్తం ఎక్కడుందో ఒకేచోట కనిపించాలంటే అన్నిటినీ కలిపి చూపే ఒక పట్టిక, అంటే ‘వ్యూ’, రాయాలి. కొత్త బ్యాంకు చేరినప్పుడల్లా ఆ వ్యూని చేత్తో తిరగరాయలేక, వాటి హెడ్డాఫీసులో ఉద్యోగంలో చేరిన రెండు నెలలకే హిమజ విసిగిపోయింది.

అందుకని ఆ పని, ఆదేశాలు తనంతట తానే రాసుకునే డైనమిక్ ఎస్‌క్యూఎల్‌ ప్రోగ్రాంకి అప్పగించింది. ‘రక్త’ అనే మాటతో పేరు మొదలయ్యే డేటాబేసులన్నిటినీ అదే వెతుక్కుంటుంది. వ్యూకి కావలసిన ఆదేశం అదే రాసుకుంటుంది, అదే నడిపేస్తుంది. హిమజ మురిసిపోయింది.

ఆమెకి పని నేర్పుతున్న మస్తానయ్యగారు చూసి బాగుందన్నారు. అది రాసిన ఆదేశాన్ని చదివావా అని అడిగారు.

“మిషను రాసింది కద సార్. నేను చదవడమెందుకు?”

ఇలాంటి ధీమా ఉన్నవాళ్ళతో వాదించే ఓపిక మస్తానయ్యగారికి ఎప్పుడో పోయింది.

మర్నాడు పొద్దున్నే ఒక మనిషి ఆఫీసుకి పరుగున వచ్చాడు. భార్యకి కాన్పు కష్టమైందట, ఓ నెగటివ్ రక్తం కావాలట. హిమజ వ్యూ తెరిచింది. లక్ష్మీనగర్ సెంటర్లో ఆరు ప్యాకెట్లున్నాయి, మరెక్కడా లేవు. చిరునామా చీటీ మీద రాసిచ్చింది. అతను హెల్మెట్ పెట్టుకోబోయాడు.

మస్తానయ్యగారు అతన్ని ఒక్క నిమిషం కూర్చోమని, హిమజ వైపు తిరిగారు.

“ఫోన్ చేసి, తీసి ఉంచమని చెప్పమ్మా.”

తెర మీదున్న నంబరుకి హిమజ ఫోన్ చేసింది. మస్తానయ్యగారి బల్ల మీద ఫోన్ మోగింది.

పెట్టేసి మళ్ళీ చేసింది. మళ్ళీ అదే మోగింది. ఆయన ఎత్తి, ఆమెనే చూస్తూ ఫోన్‌లోనే మెల్లగా చెప్పారు.

“లక్ష్మీనగర్లో మనకి సెంటరే లేదమ్మా. కొత్తవాళ్ళకి నేర్పడానికి ఆ డేటాబేసు నేనే కట్టాను. ఆ ఆరు ప్యాకెట్లూ, ఈ ఫోన్ నంబరూ నేను రాసినవే.”

హిమజ చేతిలో రిసీవరు చెవి దగ్గరే ఉండిపోయింది. ఎదురుగా ఆ మనిషి చీటీ పట్టుకుని, ఆమె ఏం చెబుతుందా అని ఆశగా చూస్తున్నాడు.

మస్తానయ్యగారు దాతల రిజిస్టరు తెరిచి వరసగా ఫోన్లు చేశారు. తొమ్మిదో ఫోనుకి ఒక టైలరు కత్తెర పక్కన పెట్టి బయల్దేరాడు. అప్పటిదాకా హిమజ తలెత్తలేదు.

మధ్యాహ్నం తల్లీబిడ్డా క్షేమమని కబురొచ్చాక, ఆమె ప్రోగ్రాంలో ఒక్కచోట మార్చింది. ఆదేశాన్ని నడపకుండా కాగితం మీదకి తీసింది. డేటాబేసుకొకటి చొప్పున ఇరవై మూడు వరసలు వచ్చాయి.

మస్తానయ్యగారు కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నారు.

“పైకి చదువమ్మా. నేనూ వింటాను.”

వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ వచ్చింది. ఇరవై మూడో వరసలో ‘రక్త లక్ష్మీనగర్’ అని చదివి, దాన్ని పెన్నుతో కొట్టేసింది.