నడినెత్తిన బల్లి

విస్సన్న పంతులుగారిని ఎవరేం అడిగినా ముందు కూర్చోమంటారు. జవాబు వస్తుందా రాదా అన్నది తర్వాతి సంగతి.

ఆ సాయంత్రం వాన వెలిశాక నేను పంతులుగారింట్లో కూర్చుని ఉండగా ఆయన పాత శిష్యుడు కూర్మనాథం వచ్చాడు. మా ఊరి బడిలో సైన్సు చెబుతాడు. తలకి కొబ్బరినూనె దట్టించి, నున్నగా దువ్వుకుని, ఆరో తరగతి చదివే రాజులమ్మని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్లు ఉబ్బిపోయాయి. చూస్తే నాకు జాలేసింది.

"గురువుగారూ, పిల్లలకి ప్రకృతిని గమనించడం ఎలా నేర్పాలి? చూసింది రాసుకురండి, బాగా రాసినవాళ్లని అడవికి తీసుకెళ్తానన్నాను. అందరూ నెమలి, పులి, జలపాతం రాశారు. ఈ మహాతల్లి వాళ్లింటి గోడమీది బల్లిని రాసింది! పేరు కొట్టేశాను."

"పులి ఎక్కడ కనబడిందట?" అన్నాను నేను.

"పుస్తకంలో చూసుంటారు లెండి. అయినా శ్రద్ధగా రాశారు."

పంతులుగారు కూర్చోమన్నారు. కూర్మనాథం పీట లాక్కుని సరిగ్గా గోడదీపం కింద కూర్చున్నాడు. దీపం చుట్టూ రెక్కల ఉసిళ్లు ముసురుతున్నాయి. రాజులమ్మ ఏదో అనబోతే, "నోర్మూసుకో" అని కసిరాడు. మరుక్షణం గోడమీది బల్లి టపీమని అతని నడినెత్తిన పడి, చొక్కా మీదుగా జారి, మళ్లీ గోడెక్కేసింది.

కూర్మనాథం గెంతిన గెంతుకి పీట తిరగబడింది. "పంచాంగం! గురువుగారూ, పంచాంగం ఎక్కడుంది? బల్లిపాటు చూడండి! నడినెత్తిన పడిందంటే ప్రాణగండమేమో! అడవీ వద్దు, గిడవీ వద్దు, ప్రయాణం మానేస్తాను!" సైన్సు మాస్టారు నెత్తి తడుముకుంటూ కేకలు పెట్టాడు. మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం.

రాజులమ్మ ముక్కు తుడుచుకుంది. "పడలేదు మాస్టారండీ, దూకింది. మీ తలనూనెకి ఉసిలి అంటుకుంది, దానికోసం. మా ఇంట్లోది కూడా అంతేనండి, దూకే ముందు తోక కొస ఆడిస్తాది. ఇదీ ఆడించింది."

"మరి ముందే చెప్పవేమే!"

"మీరు నోర్మూసుకోమన్నారు కదండీ."

కూర్మనాథం పీట సరిచేసుకుని మెల్లగా కూర్చున్నాడు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు గురువుగారూ?" అన్నాడు.

రాజులమ్మ అప్పటికే పుస్తకం తెరిచి గోడకేసి చూస్తోంది. పంతులుగారు గొంతు తగ్గించి అన్నారు:

"కదలకు నాయనా. నీ నెత్తిన ఇంకో ఉసిలి వాలింది. అమ్మాయిని రాసుకోనీ."