బొల్లిమేకకు పూలపెట్ట చెప్పిన నిజం

అనగనగా అంటే అడవి అనుకునేరు. అడవీ కాదు, రాజుగారి కోటా కాదు. ఎర్రనేలలో ఒక చిన్న చేను. చేను గట్టున రేకుల ఇల్లు. ఇంటి వెనక ఒక దొడ్డి. ఆ దొడ్డిలో ఉన్నవన్నీ మాట్లాడతాయి. ఏం, మాట్లాడకూడదా? పొద్దస్తమానం మీరు మాట్లాడటం లేదూ? కాసేపు నోరు మూసుకుని వినండి. ఈ కథలో నవ్వు తక్కువ. ముందే చెబుతున్నా, తర్వాత నా మీద అలిగి లాభం లేదు.

ఆ ఇంటావిడ పేరు సుంకమ్మ. ఆమె మొగుడు మద్దిలేటి. వాళ్లకు కాసిన్ని మేకలు, కాసిన్ని కోళ్లు, ఒక ముసలి కుక్క. కుక్క నల్లగా ఉంటుంది కాబట్టి దాన్ని కర్రోడు అనేవాళ్లు.

పొద్దున్నే సుంకమ్మ గంప ఎత్తేది. కోళ్లు బిలబిలమంటూ బయటికి ఉరికేవి. ఆమె కొట్టం చిమ్మి, మేక పెంటికలు తట్టకెత్తి, చేలో పోసి వచ్చేది. ఈలోపు మద్దిలేటి తుమ్మకొమ్మలు నరుక్కొచ్చి వాసానికి వేలాడగట్టేవాడు. మేకలు ముందుకాళ్లు పైకెత్తి కరకరా మేసేవి. రోజూ ఇదే పని. పండగైనా ఇదే, జ్వరమొచ్చినా ఇదే.

ఆ యేడు వానాకాలంలో రెండు మేకలు ఒకేసారి ఈనాయి. నుదుటన తెల్లమచ్చ ఉన్న బొల్లిమేకకు కొడుకు పుట్టాడు. చారలమేకకు కూతురు పుట్టింది. కూతురు బొద్దుగా, పొట్టిగా ఉందని సుంకమ్మ దానికి బుడ్డి అని పేరు పెట్టింది.

సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. బొల్లి కొడుకు జడివానలో తడిశాడు. చలిపట్టి, ఎగశ్వాస వచ్చి, తల్లి కళ్ల ముందే ఊపిరి వదిలాడు. ఆ మర్నాడే చారలమేక పక్కచేలో పడి, వానకు మొలిచిన లేత జొన్న పిలకలు మేసింది. ఆ పిలకలు విషం. మేకకు ఏం తెలుసు పాపం, పచ్చగా కనపడితే తింటుంది. కడుపుబ్బి చచ్చిపోయింది.

ఇప్పుడు చూడండి. ఒక పక్క బిడ్డ లేని తల్లి. ఒక పక్క తల్లి లేని బిడ్డ. ఇద్దరినీ కలిపేస్తే సరిపోయె కదా అంటారు మీరు. అంత తేలికైతే నేనీ కథ ఎందుకు చెబుతాను? మేక తన బిడ్డను వాసన చూసి గుర్తుపడుతుంది. పరాయి బిడ్డను పొదుగు దగ్గరికి రానివ్వదు. పొమ్మని తలతో కుమ్ముతుంది.

సుంకమ్మ ఆవుపాలు తెచ్చి, గుడ్డపేలిక ముంచి బుడ్డి నోట్లో పెట్టింది. పడలేదు. ఆ రాత్రికే కడుపు పారుకుని పారుకుని పిల్ల కాళ్లు వణికిపోయాయి.

"ఏమయ్యా, దీన్ని బొల్లి తాగనిస్తే బతుకుతుంది, లేకపోతే లేదు," అంది సుంకమ్మ మొగుడితో.

బొల్లి కొడుకును ఇంకా పూడ్చలేదు. మద్దిలేటి లేచి, వాడి తోలు తీశాడు. దానికి ఉప్పూ బూడిదా రుద్ది, బుడ్డి వీపు మీద కప్పాడు. పొట్ట కింద నులకతాడుతో ముడేశాడు. పాతకాలం నుంచి మేకలు కాసేవాళ్లు చేసే పనే ఇది. చేసేటప్పుడు సుంకమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"తప్పేనమ్మా బొల్లీ," అంది. "ఏం చేసేది? ఒక్కటన్నా బతకాల గదా."

బుడ్డిని తీసుకుపోయి బొల్లి ముందు నిలబెట్టారు. బొల్లి వాసన చూసింది. మళ్లీ చూసింది. కొడుకు వాసన. ఒక్కసారిగా మె... అని అరిచి ఆ పిల్లను తల నుంచి తోక దాకా నాకేసింది. పొదుగు చేపి పాలు దిగాయి. బుడ్డి తోక ఆడిస్తూ గుటుకుగుటుకుమని తాగింది. సుంకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇదంతా గోడ మీద నుంచి ఒక కోడి చూసింది. అదే పూలపెట్ట. ఒళ్లంతా తెల్లచుక్కలు. దాని నోరు గురించి ఏం చెప్పమంటారు! "నాకు కడుపులో ఏదీ దాగదమ్మా. ఉన్నదున్నట్టు మొహం మీదే అనేస్తా," అని తిరిగేది. అదేదో పెద్ద గొప్ప అయినట్టు.

కర్రోడు దాని చూపు కనిపెట్టింది. "ఒసే అమ్మీ, ఇట్లా రా," అని పిలిచింది. "నువ్వు చూశావు, నేనూ చూశా. చూసింది ఇక్కడే మర్చిపో."

"అబద్ధం కదా తాతా అది?"

"అబద్ధమే. దాంతోనే ఆ పిల్ల బతుకుతోంది. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు. బొల్లి పాలు తాగీ తాగీ పిల్లకు బొల్లి వాసనే వస్తుంది. అప్పుడు తోలు తీసి పారేస్తారు. ఇక ఎవరు ఏం చెప్పినా ఏం కాదు. అప్పటిదాకా నోరు కట్టుకో."

"సర్లే, నాకెందుకు?" అంది పూలపెట్ట.

నిజంగానే దానికెందుకు? కానీ ఒక రోజు ఇట్లా జరిగింది. పాలిచ్చే మేక అని సుంకమ్మ బొల్లికి ఒక చట్టిలో తౌడు కలిపి పెట్టేది. తౌడంటే పూలపెట్టకు ప్రాణం. చట్టి అంచెక్కి ముక్కు పెట్టబోయింది. అదే సమయానికి బుడ్డి అటు వచ్చింది. పిల్లను ఎక్కడ పొడుస్తుందోనని బొల్లి కొమ్ముతో ఒక్క తోపు తోసింది. పూలపెట్ట ఎగిరి పెంటకుప్పలో పడింది. కోళ్లన్నీ పకపకా నవ్వాయి. పుంజు కూడా నవ్వింది.

దులుపుకుని లేచింది పూలపెట్ట. దెబ్బేమీ తగల్లేదు. నవ్వు తగిలింది. "నాకే కొమ్ము చూపిస్తావా? ఉండు నీ పని చెప్తా," అనుకుంది.

ఆ సాయంత్రమే బొల్లి పక్కకు చేరింది. "వదినా, ఒక మాట. నీ కొడుకు అరుపు మారినట్టుందే?"

"జలుబు చేసిందిలే," అంది బొల్లి.

మర్నాడు మళ్లీ వచ్చింది. "వదినా, నీకు పుట్టింది మగపిల్లాడు కదా? వెనక నుంచి ఒకసారి చూసుకోరాదూ?"

బొల్లి చూడలేదు. తుమ్మకొమ్మ మీద నుంచి తల కూడా తిప్పలేదు. "పాలు తాగుతోందా లేదా? అది చాలు నాకు. నువ్వు పో ఇక్కణ్ణుంచి," అంది. అది విన్నాకైనా ఆగి ఉండాల్సింది ఆ కోడి. ఆగలేదు.

మూడోసారి చాటుగా రాలేదు. మిట్టమధ్యాహ్నం దొడ్డిలో అందరూ నీళ్లతొట్టి దగ్గర చేరిన సమయం చూసుకుంది. బుడ్డి బొల్లి కడుపు కింద దూరి తాగుతోంది. పూలపెట్ట గబగబా పోయి నులకముడిని ముక్కుతో పట్టి లాగింది.

"వద్దే! ఒసే అమ్మీ, వద్దే!" అని కర్రోడు లేచింది. ముసలి కాళ్లు. అది చేరుకునేలోపు ముడి ఊడింది. తోలు జారి మట్టిలో పడింది.

"చూడండి అందరూ!" అని అరిచింది పూలపెట్ట. "వదినా, ఇదీ నీ కొడుకు. ఇది వాడి తోలు. నువ్వు పాలిస్తున్నది చచ్చిన చారలమేక కూతురికి. ఇన్నాళ్లూ ఈ మోసం నీకొక్కదానికే తెలీదు. నాకు దాపరికం లేదు కాబట్టి చెప్పా!"

ఎవరూ నవ్వలేదు. బొల్లి కిందికి వంగి ఆ తోలు వాసన చూసింది. చాలాసేపు చూసింది. చిన్న తోలు. మెడ దగ్గర తెల్లమచ్చ.

బుడ్డికి ఏమీ అర్థం కాలేదు. "అమ్మా, ఆకలి," అంటూ పొదుగు దగ్గరికి వచ్చింది. బొల్లి కాలెత్తి తన్నింది. బుడ్డి దొర్లి పడి, లేచి, మళ్లీ "అమ్మా" అంటూ వచ్చింది. బొల్లి మళ్లీ తన్నింది. మూడోసారి వచ్చినప్పుడు తన్నలేదు. నడిచి దూరంగా పోయి గోడ వైపు తిరిగి నిలబడింది.

సుంకమ్మ పరిగెత్తుకొచ్చింది. దుమ్ము దులిపి తోలు మళ్లీ కట్టింది. ఇప్పుడు ఆ తోలు చూస్తేనే బొల్లి బెదిరి గోడకేసి కొట్టుకుంది. తోలు విప్పి పారేసి మద్దిలేటి దాని కొమ్ములు పట్టుకున్నాడు. సుంకమ్మ కాలు ఒడిసిపట్టి బుడ్డి నోరు చన్నుకు పెట్టింది. ఏం లాభం? పాలు చేపలేదు. పొదుగు రాయిలా బిగుసుకుపోయింది. బలవంతాన కాలు పట్టుకోగలం గానీ పాలు దిగమని ఎవరు చెప్పగలరు?

మళ్లీ గుడ్డపేలిక, ఆవుపాలు. మళ్లీ పారుకోవడం. బుడ్డి ముందు పరిగెత్తడం మానేసింది. తర్వాత నిలబడటం మానేసింది. కొట్టంలో ఒక మూల గోనెపట్టా మీద పడుకుని, ఎవరి అడుగు వినపడినా తల ఎత్తి "అమ్మా?" అని అడిగేది. సుంకమ్మ వస్తే తల దించేసేది.

ఒక పొద్దున బొల్లి తనంతట తాను ఆ మూలకు వచ్చింది. ఎవరూ తోలలేదు. ఎవరూ పట్టుకురాలేదు. బుడ్డి మీదికి వంగి, కొడుకు తోలు కప్పని ఆ ఒట్టి వీపును నాకింది.

"లే బుడ్డీ. తాగు," అంది.

బుడ్డి కళ్లు తెరిచింది. నోరు కొంచెం తెరిచింది. లేవలేకపోయింది. బొల్లి మోకాళ్ల మీద కూలబడి పొదుగు దాని నోటి దగ్గర పెట్టింది. చన్ను పట్టే బలం కూడా ఆ పిల్లకు లేదు. పాలు బొట్లు బొట్లుగా గోనెపట్టా మీద కారాయి. పొద్దెక్కేసరికి బుడ్డి చచ్చిపోయింది.

ఏడవండి, ఫరవాలేదు. నాకూ ఏడుపే వస్తోంది.

సుంకమ్మ బుడ్డిని కంచె పక్కన పూడ్చిపెట్టింది. ఆమె చేతులు కడుక్కోవడానికి పోయాక పూలపెట్ట మెల్లగా బొల్లి దగ్గరికి వచ్చింది.

"నా మీద కోపమా వదినా? నేను ఉన్నదే చెప్పా కదా. నీకు తెలియాలనే చెప్పా."

"నాకు తెలీదని నీకెవరు చెప్పారే?" అంది బొల్లి. "నా కొడుకు నా కళ్ల ముందే పోయాడు. ఈ పిల్ల మొదటిసారి అరిచినప్పుడే వాడి గొంతు కాదని తెలిసింది నాకు. వాసన వాడిదే వస్తోంది కదా అని, తెలియనట్టు ఉండిపోయా. అట్లా ఉంటే నాకు కొంచెం ఊపిరాడేది. ఆ పిల్లకు కడుపు నిండేది. నీకేం నష్టమయ్యిందే?"

"మరి తెలిసినదానివి తన్నడమెందుకు?"

"నలుగురిలో ఆ తోలు నా కాళ్ల ముందు పడేశావు. ఇక ఆ పిల్ల దగ్గరికొస్తే నాకు ఆ తోలే కనపడింది. కాలు లేచింది. ఆ పాపం నాదే, కాదనను. నాది నేను మోసుకుంటా. నీది నీకు కనపడుతోందా?"

పూలపెట్ట తల అటూ ఇటూ తిప్పింది. "నేను అబద్ధమైతే చెప్పలేదు," అంది.

బిడ్డ లేని మేకకు పాలు ఎన్నాళ్లుంటాయి? ఎండిపోయాయి. ఎండిన మేకకు తౌడు ఎవరు పెడతారు? సుంకమ్మది చెడ్డ మనసేం కాదు. కానీ చిన్న చేను, చిన్న సంసారం. ఒక బుధవారం మద్దిలేటి బొల్లి మెడకు తాడేసి సంతకు తోలుకుపోయాడు. సంతలో ఎండిన మేకను కొనేది ఎవరో మీకు తెలుసు. నన్ను చెప్పమనకండి. బొల్లి పోయేటప్పుడు కంచె పక్కన ఒకసారి ఆగింది. మద్దిలేటి తాడు లాగలేదు, కాసేపు ఆగాడు.

ఆ సాయంత్రం పూలపెట్ట కర్రోడి దగ్గరికి పోయింది. "తాతా, అందరూ నా మొహం చూడటం లేదు. నువ్వన్నా చెప్పు. నేను చెప్పింది నిజమా, కాదా?"

"నిజమేనమ్మీ," అంది కర్రోడు. "అందులో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. తోపు తిన్న కసితో చెప్పావు చూడు, అదే తప్పు. ఇంక పో, పడుకోవాలి నేను."

ఆ కోడికి ఏమైందని అడుగుతారు మీరు. గద్ద ఎత్తుకుపోయిందని చెబితే మీకు బాగుంటుంది, హాయిగా నిద్రపోతారు. ఏ గద్దా ఎత్తుకుపోలేదు. దానికేమీ కాలేదు. పొద్దున్నే గంప ఎత్తగానే బయటికొస్తుంది, పెంటకుప్ప గీరుతుంది, గుడ్లు పెడుతుంది. దొడ్డిలోకి కొత్త జీవం ఏదైనా వస్తే చాలు, ముందుగా పోయి, "నాకు కడుపులో ఏదీ దాగదమ్మా" అంటుంది. కొత్తవాళ్లు అబ్బా ఎంత మంచి కోడి అనుకుంటారు. మేకల కొట్టంలో మాత్రం బొల్లిని కట్టే గుంజా, బుడ్డి పడుకున్న మూలా ఖాళీగా ఉన్నాయి.

నీతి: నిజం చెప్పేముందు, అది ఎవరి మేలు కోసం చెబుతున్నావో నిన్ను నువ్వు అడుగు. కసి తీర్చుకోవడానికి చెప్పిన నిజం కూడా ప్రాణాలు తీస్తుంది, "నేను అబద్ధం చెప్పలేదు" అన్నంత మాత్రాన ఆ పాపం పోదు.