పక్కన కూర్చున్నవాళ్ల జవాబు

ఏ పనైనా అందరికంటే ముందే ముగించాలని తొందరపడే హిమజ అనే అమ్మాయి రాయలసీమలోని ఒక విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదువుతూ ఉండేది. తెలివికి లోటు లేదు. లేనిదల్లా ఓపికే. ఎదుటివాళ్లు మాట కోసం కాస్త తడుముకుంటే చాలు, ఆ మాట తనే అందించి ముందుకు వెళ్లిపోయేది.

ఆమె నాన్న రక్తపోటు మాత్రలు ఎవరికీ చెప్పకుండా మానేసి, పక్షవాతంతో మంచాన పడ్డాడు. మందు చేతిలో ఉండి కూడా మనిషి ఎందుకు మింగడు? ఈ ప్రశ్న హిమజను వదల్లేదు. అందుకే పరిశోధన చేయాల్సి వచ్చినప్పుడు, క్షయ రోగులు మందులు మధ్యలో ఎందుకు మానేస్తారన్న విషయాన్ని ఎంచుకుంది. కోరిక మంచిదే. దానికి తొందర తోడైతే ఏమవుతుందో చూడండి.

ఆమె పరిశోధనకు దారి చూపే ప్రొఫెసర్ వకుళ మొదటి రోజే ఒక మాట చెప్పింది.

"రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగు. మన ఆసుపత్రుల్లో రోగిని అడిగితే వెంట వచ్చినవాళ్లు జవాబు చెప్తారు. వాళ్లను టీ తాగి రమ్మని పంపించు. రోగి నోరు విప్పేదాకా ఆగు."

"అలాగే మేడం," అంది హిమజ.

ఆసుపత్రిలో ఒక గదిలో కూర్చుని మొదట్లో అలాగే చేసింది. ఒంటరిగా ఉన్న రోగులు నేల చూపులు చూసేవారు. దగ్గేవారు. ఒక్క ప్రశ్నకు ఊళ్లో సంగతులన్నీ చెప్పేవారు. వెంట వచ్చినవాళ్లయితే టకటకా తేల్చేసేవారు. తోటి విద్యార్థులు తనను దాటిపోతారేమోనని హిమజకు బెంగ పట్టుకుంది. దాంతో ఎవరినీ బయటికి పంపడం మానేసింది.

అలాంటి రోజుల్లోనే సుంకమ్మ వచ్చింది. వేరుశనగకాయల మిల్లులో పనిచేసే పడుచు మనిషి. ఆమెను అన్న ఎర్రిస్వామి తీసుకొచ్చాడు. చెల్లెలంటే అతనికి ప్రాణం. పని మానుకుని మరీ ఆసుపత్రుల వెంట తిరిగేవాడు.

"మాత్రలు రోజూ వేసుకుంటున్నావా?" అని హిమజ సుంకమ్మను అడిగింది.

సుంకమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ అన్న వైపు చూసింది.

"ఏసుకుంటాంది మేడం," అన్నాడు ఎర్రిస్వామి. "నేనే చేతికిస్తా. నీళ్లు గూడా నేనే ఇస్తా."

"వాటివల్ల ఇబ్బంది ఏమైనా ఉందా?"

"ఏం లేదు మేడం. బాగానే ఉండాది."

"మేడం..." అంటూ సుంకమ్మ ఏదో చెప్పబోయింది. దగ్గు అడ్డం వచ్చింది. హిమజ తలుపు వైపు చూసింది. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

"ఇబ్బంది లేదు కదా, సరే," అని రాసుకుని తరువాతి మనిషిని పిలిచింది. సుంకమ్మ కాసేపు లేవకుండా కూర్చుంది. అన్న భుజం పట్టి లేపితే వెళ్లింది.

ఆరోజు పని మధ్యాహ్నానికే తెమిలింది. హిమజ క్యాంటీన్‌లో తోటివాళ్ల దగ్గర గొప్పగా చెప్పుకుంది కూడా.

వానాకాలం వెళ్లాక, మరో విడత ప్రశ్నల కోసం ఆమె మళ్లీ ఆసుపత్రికి వచ్చింది. సుంకమ్మ వార్డులో మంచం మీద ఉంది. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ మిగల్లేదు. ఎర్రిస్వామి ఎక్స్‌రే తేవడానికి వెళ్లాడు. హిమజ పక్కన కూర్చుంది. సుంకమ్మే మొదలుపెట్టింది.

"ఆ మాత్రలు నేను మింగలే మేడం. అన్న అట్ల పోతానే ఊసేస్తాంటి."

"ఎందుకమ్మా?"

"అవి ఏసుకున్నప్పట్నుంచి ఒంటికి పోతే ఎర్రగా వస్తాండె. నెత్తురంతా పోతాందనుకుంటి. అన్నతో ఆ మాట యెట్ల చెప్పేది? మీరు ఆడమనిషి గదా, మీకు చెబ్దామనే వస్తి ఆ పొద్దు."

హిమజ ఆమె చెయ్యి పట్టుకుంది. మెల్లగా చెప్పింది. "అది నెత్తురు కాదు సుంకమ్మా. మాత్రల రంగు. దానివల్ల ఏ ప్రమాదమూ లేదు."

సుంకమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"అంతేనా మేడం?" అంది.

హిమజ చెప్పడంతో డాక్టర్లు మందులు మళ్లీ మొదలుపెట్టారు. అప్పటికే ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయి. దీపావళి లోపే సుంకమ్మ చనిపోయింది.

శవాన్ని తీసుకెళ్లే ఆటో కోసం ఎర్రిస్వామి వరండాలో నిలబడి ఉన్నాడు. హిమజ దగ్గరికి వెళ్లి, చెల్లెలు తనతో చెప్పిందంతా చెప్పింది. అతను గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు.

"ఎర్రగా వస్తాదని మాత్రలిచ్చినోళ్లు నాకు చెప్పినారు మేడం. ఆడబిడ్డతో ఆ మాట యెట్ల అనేదని ఊరుకుంటి. మీరన్నా ఒక్కసారి నన్ను బయటికి పొమ్మనింటే బాగుండు."

హిమజ నేరుగా వకుళ దగ్గరికి వెళ్లి జరిగింది దాచకుండా చెప్పి ఏడ్చింది. వకుళ ఆమెను ఓదార్చలేదు, తిట్టనూ లేదు.

"ఇబ్బంది లేదని నువ్వు రాసుకున్నవాళ్లలో ఇంకా ఎందరు మాత్రలు ఊసేస్తున్నారో మనకు తెలియదు. ముందు వెళ్లి అది కనుక్కో. ఏడుపు తర్వాత," అంది.

హిమజ ఊరూరా తిరిగింది. ఒక్కొక్కరినీ ఒంటరిగా కూర్చోబెట్టి, వాళ్లు నోరు విప్పేదాకా ఆగింది. మాత్రలు మానేసినవాళ్లలో కొందరు మళ్లీ వేసుకుని దక్కారు. సుంకమ్మ మాత్రం తిరిగి రాలేదు.

నీతి: బాధ ఎవరిదో వారి నోటే వినాలి. పక్కవారి జవాబుతో సరిపెట్టుకునే తొందర ప్రాణాలు తీస్తుంది.